హాలు పడిపోతుంది, ఎందుకంటే...

"మీరే చేశారు ఇదంతా! పిల్లల్ని రెండో వాక్యం రాయనివ్వనిది మీరే. వాడు ఒక మాట అనేలోపు మిగతా నాలుగు మాటలూ మీ నోట్లోంచి తీసి వాడి నోట్లో కుక్కింది మీరే. తల్లులు, తండ్రులు, కమిటీ పెద్దలు, అందరూ కలిసి చేశారు. బట్టీ పట్టించారు, స్టేజీ ఎక్కించారు, చప్పట్లు కొట్టారు. ఇప్పుడు మా పిల్లలకి సొంతంగా నాలుగు ముక్కలు రాయడం రాదేమిటని మళ్ళీ మీరే ఏడుస్తున్నారు. సిగ్గుండాలి!"

కోమల ఈ మాటలన్నీ పాలగిన్నెతో చెప్పింది. పాలు పొంగి స్టవ్వు మీద పడ్డాయి.

పక్కగదిలోంచి మొగుడు చిరంజీవి మూలిగాడు. లోకో షెడ్డులో రాత్రి డ్యూటీ చేసి అప్పుడే వచ్చి నడుం వాల్చాడు పాపం.

"ఎవులితోటే ఆ మాటలు?"

"కమిటీతో."

"వచ్చీసినారేటి?"

"పదకొండింటికొస్తారు."

"అయితే పదకొండింటికే తిట్టు. అంతదాకా నన్ను పడుకోనీ."

ఆ ఆదివారానికి కోమల వేసుకున్న పథకం చాలా మామూలుది. పొద్దున్న కాలనీ తెలుగు సమితి హాల్లో పిల్లలకు తెలుగు క్లాసు. తర్వాత అదే హాల్లో కమిటీ మీటింగు. పాలగిన్నెతో చెప్పిన ముక్కలే కాస్త మర్యాద కలిపి అక్కడ చెప్పడం. మధ్యాహ్నం అదే హాల్లో అప్పయమ్మ గారి మనవడి అన్నప్రాసన భోజనం. ఆ తర్వాత ఇంటికొచ్చి పడుకోవడం. వీటన్నిటిలో ఆమె మనసారా కోరుకున్నది చివరిదొక్కటే.

మీటింగు ఆమె క్లాసు గురించే. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తాతల నాటినుంచి ఉంటున్న తెలుగువాళ్ళ పిల్లలు నానమ్మతో తెలుగు మాట్లాడతారు, మిగతా లోకంతో హిందీ మాట్లాడతారు. తెలుగు చదవమంటే ప్రతి అక్షరం దగ్గరా ప్యాసింజరు బండిలా ఆగుతారు. కోమల వాళ్ళకు అక్షరాలు నేర్పింది. అక్కడితో ఊరుకుంటే ఆమెకు ఏ గొడవా లేకపోను. కానీ అక్షరాలు వచ్చాక వాటితో ఏం చెయ్యాలో కూడా నేర్పుతానంది. ఒక మాట చెప్పు. ఎందుకో చెప్పు. నీకెలా తెలుసో చెప్పు. ఈ మూడే ఆమె పాఠం. రెండేళ్ళుగా అదే పాఠం. రెండేళ్ళుగా పిల్లలు మొదటి మాట చెప్పి ఆమె మొహం వంక చూస్తున్నారు.

సమితి కార్యదర్శి వేణుగోపాల్‌కి ఈ పాఠం నచ్చలేదు. ఆయన బ్యాంకు మేనేజరు. బదిలీ మీద ఈ ఊరొచ్చాడు, వచ్చిన వారంలో మైకు పట్టుకున్నాడు, ఇంతవరకూ వదల్లేదు. వార్షికోత్సవానికి ముఖ్య అతిథి వస్తాడట. ప్రతి పిల్లా తెలుగు గొప్పతనం మీద ఒక పేరా అప్పజెప్పాలట. దానికి రిహార్సల్స్ కావాలి, రిహార్సల్స్‌కి కోమల క్లాసు జరిగే గంట కావాలి.

"ఒక్క పిల్లని చూపించండి మేడమ్," అన్నాడు ఆయన పోయిన మీటింగులో. "ఒక్కరు, తమ సొంత విషయం, అర పేజీ. చూపిస్తే క్లాసు మీదే. లేదంటే ఆ సమయం రిహార్సల్స్‌కి ఇచ్చెయ్యండి."

ఆ గడువు ఈ ఆదివారంతో తీరుతుంది.

క్లాసు ఎప్పటిలాగే మొదలైంది. ముందు వరసలో కుర్రాడు 'నాకు క్రికెట్ ఇష్టం' అని రాసి పెన్సిలు కింద పెట్టేశాడు.

"ఎందుకు ఇష్టం?" అంది కోమల.

"ఎందుకంటే ఇష్టం."

"నీకు ఇష్టమని ఎలా తెలుసు?"

"మమ్మీ చెప్పింది."

పక్కనున్న పిల్ల 'వాన మంచిది' అని రాసి ఆగింది. ఎందుకు మంచిదని అడిగితే బుంగమూతి పెట్టింది. "టీచర్, ఆప్ బోలో నా. మై లిఖ్ లూంగీ."

"నేను చెబితే అది నా మాట అవుతుంది. నువ్వు చెప్పాలి."

"ముఝే క్యా పతా?"

కోమల కుర్చీలో కూలబడింది. ఆ పిల్లని తప్పు పట్టలేం. పుట్టినప్పటినుంచీ ఏ రంగు గౌను వేసుకోవాలో, ఏ దేవుడికి దణ్ణం పెట్టాలో, పెద్దయ్యాక ఏమవుతావంటే ఏం చెప్పాలో అన్నీ పక్కవాళ్ళే చెప్పారు. వాన ఎందుకు మంచిదో మాత్రం హఠాత్తుగా తనే కనుక్కోవాలంటే ఎక్కణ్ణుంచి తెస్తుంది?

అప్పుడు మూలనుంచి ఒక చెయ్యి లేచింది. స్పందన. మూడో క్లాసు, అప్పయమ్మ గారి మనవరాలు. ఎప్పుడూ ఆ మూలే కూర్చుంటుంది, ఎప్పుడూ జుట్టు దులుపుకుంటూ ఉంటుంది.

"టీచర్, బురీ బాత్ భీ రాయొచ్చా?"

"చెడ్డ మాటైనా, ఏ మాటైనా రాయి తల్లీ. ఎందుకో చెప్పాలి, ఎలా తెలుసో చెప్పాలి. అంతే."

స్పందన నాలుక బయటపెట్టి రాయడం మొదలెట్టింది. మిగతా పిల్లలు కిటికీలోంచి వంటవాళ్ళు దింపుతున్న గుండిగలు చూస్తున్నారు. ఆ పిల్ల తల ఎత్తలేదు. రాసింది, తుడిచింది, మళ్ళీ రాసింది. చివరికి కాగితం తెచ్చి ఇచ్చింది.

'మన హాలు పడిపోతుంది. ఎందుకంటే అది ముసలిది. ఎలా తెలుసు అంటే వేణుగోపాల్ అంకుల్ మైకులో మాట్లాడినప్పుడు నా నెత్తి మీద పొడి పడుతుంది. మైకు లేకుండా మాట్లాడితే పడదు. టీచర్ అరిచినా పడదు. పోయిన ఆదివారం నా టిఫిన్‌లో కూడా పడింది. నేను ఇడ్లీ పారేశాను. నానమ్మ తిట్టింది. అందుకే హాలు పడిపోతుంది.'

కోమల అది మళ్ళీ మళ్ళీ చదివింది. అర పేజీ! ఎవరూ అందించని అర పేజీ! ఒక మాట ఉంది, కారణం ఉంది, సాక్ష్యం ఉంది. మైకు ఉన్నప్పుడు, లేనప్పుడు పోల్చి చూడటం కూడా ఉంది. అది ఆమె నేర్పనేలేదు.

లోపం ఒకటి ఆమెకు కనిపించకపోలేదు. పొడి పడుతుందన్నదానికి సాక్ష్యం ఉంది. హాలు పడుతుందన్నదానికి లేదు. ఆ రెంటి మధ్యా పెద్ద ఖాళీ ఉంది. నీ సాక్ష్యం ఎంత మోస్తుందో అంతే మాట చెప్పాలమ్మా అని పిల్లతో అనాలి. వచ్చే ఆదివారం అందాంలే, ఇవాళ సంతోషపడదాం అనుకుంది. అలిసిపోయిన మనిషి సంతోషాన్ని రేపటికి వాయిదా వేయలేదు, పాఠాన్ని వేస్తుంది. ఆ కాగితాన్ని తీసుకెళ్ళి, కమిటీ వాళ్ళు లోపలికొస్తూ చూస్తారని, వరండాలో నోటీసు బోర్డుకి గుచ్చింది.

కొంప మునిగింది అక్కడే.

సమితి వరండాలో పొద్దున్నే పేపరు చదవడానికి రిటైరైన రైల్వే వాళ్ళు చేరతారు. వాళ్ళలో పెద్దాయన సూర్యం. జీవితమంతా బండి నడిపాడు. డ్రైవరు బండెక్కే ముందు ఆర్డర్ల బోర్డు చదివి, చదివానని కింద సంతకం పెట్టాలి. ఎక్కడ పట్టా బాగోలేదో, ఎక్కడ నెమ్మదిగా పోవాలో అందులో ఉంటుంది. సంతకం లేకపోతే ఉద్యోగం పీక మీదికొస్తుంది. రిటైరయ్యాక సూర్యాన్ని బండి వదిలింది గానీ ఆయన బోర్డుని వదల్లేదు. అక్కడ ఏం గుచ్చినా చదువుతాడు, సంతకం పెడతాడు. పాలరేటు పెరిగిందన్న కాగితం మీద పెట్టాడు. పోయిన నెలలో ఎవరిదో పెద్దకర్మ కార్డు మీద కూడా పెట్టాడు.

ఆయన కళ్ళజోడు సర్దుకుని స్పందన వ్యాసం చదివాడు. జేబులోంచి పెన్ను తీశాడు. 'చదివితిని. సూర్యం, రిటైర్డ్ లోకో పైలట్' అని రాసి కింద గీత గీశాడు. వెళ్ళి పేపరు పట్టుకుని కూర్చున్నాడు.

ఆయన వెనకాల వచ్చిన గార్డు గారు వ్యాసం చదవలేదు. సూర్యం సంతకం చదివాడు, తనదీ పెట్టాడు. ఆ వెనక టికెట్ కలెక్టరు, ఆ వెనక ఇంకెవరో. కాసేపట్లో వ్యాసం కంటే సంతకాలే ఎక్కువయ్యాయి.

అప్పుడొచ్చాడు ఆదినారాయణ. పట్టాల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి, కాలనీ ఆడవాళ్ళందరికీ మావయ్య. పట్టా మీద ప్రమాదం ఉందని ఎవరన్నా చెబితే ముందు బండి ఆపాలి, తర్వాతే నిజమా అబద్ధమా అని అడగాలి. ఆయన నేర్చుకున్న వేదం అదొక్కటే. కాగితం చూశాడు, కింద సీనియర్ల సంతకాలు చూశాడు. మారుమాట లేకుండా ఇంటికెళ్ళి ఎర్రజెండా పట్టుకొచ్చి హాలు గుమ్మానికి అడ్డంగా కట్టేశాడు.

"పిల్లలూ, బయటికొచ్చీయండి! బేగి, బేగి! తోసుకోకండి!"

కోమల పరుగెత్తుకొచ్చింది. "మావయ్య గారూ, ఏటి చేస్తున్నారు?"

"హాలు పడిపోతాది కదమ్మా."

"అది వ్యాసం, మావయ్య గారూ!"

"వ్యాసమైతే ఏటి? రాతలో ఉంది కదా."

"చిన్నపిల్ల రాసింది!"

"చిన్నపిల్ల చూస్తే పట్టా ఇరగదేటి?" ఆదినారాయణ కాగితం మీద వేలు పెట్టాడు. "ఎందుకంటే అని రాసింది. ఎలగ తెలుసో రాసింది. ఎప్పుడు పడతాది, ఎప్పుడు పడదు, అదీ రాసింది. ఇడ్లీతో సహా రాసింది. నా సర్వీసు మొత్తమ్మీద నా కింద మేస్త్రీ ఒక్కడు ఇలగ రిపోర్టు రాసినోడు లేడమ్మా. ఈ రిపోర్టు చూసి కూడా నాను ఊరుకుంటే, రేపేదైనా అయితే మొహం ఎక్కడ పెట్టుకోవాల?"

కోమల రెండేళ్ళుగా ఇలాంటి వ్యాసం ఒక్కటి చాలని ఏడ్చింది. వచ్చింది. వచ్చిన వ్యాసం ఆమె క్లాసుకే జెండా కట్టించింది.

జెండా ఫొటో ఎవరో కాలనీ గ్రూపులో పెట్టారు. కాలనీ దాటేసరికి హాలు బీటలు వారింది. గోల్ బజార్ చేరేసరికి ఒక గోడ కూలింది. కూరగాయలు కొంటున్న వంటాయన సగం వంకాయలు అక్కడే వదిలేసి ఫోను చేశాడు, ఎవరికీ ఏమీ కాలేదు కదా, అడ్వాన్సు సంగతేమిటని. అర్పా నది దాటి సర్కండా చేరేసరికి హాలు మొత్తం పడిపోయింది, కింద ఎవరో ఉన్నారు.

దాంతో అన్నప్రాసనకు రావలసిన సర్కండా చుట్టాలు వెండిగిన్నె ఇంట్లో పెట్టేసి, ఫ్లాస్కు, బ్రెడ్డు, గ్లూకోజు పొట్లాలు పట్టుకుని ఆటోల్లో దిగారు. దిగి, నిక్షేపంగా నిలబడి ఉన్న హాలుని చూసి, కొంచెం నొచ్చుకున్నారు కూడా. వాళ్ళ వెనకే అంబులెన్సు వచ్చింది.

"పేషెంట్ కౌన్ హై?" అన్నాడు డ్రైవరు.

ఎవరూ లేరన్నారు. ఖాళీగా వెనక్కి పోవాలంటే ఎవరో ఒకరు సంతకం పెట్టాలన్నాడు. సూర్యం పెట్టాడు.

అప్పుడే కొత్త చీర, ఒక చంకలో మనవడు, ఇంకో చేతిలో పాయసం గిన్నెతో అప్పయమ్మ వచ్చింది. గుమ్మానికి జెండా, వరండాలో గుండిగలు, రోడ్డు మీద బ్రెడ్డు పట్టుకున్న చుట్టాలు. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఇదేటి సోద్దెం? ముహూర్తం దాటిపోతంది! ఎవులు కట్టినారీ జెండా?"

"హాలు పడిపోతాదని నోటీసు వచ్చింది," అన్నాడు ఆదినారాయణ.

"ఎవులు రాసినారా నోటీసు? ఏ అడ్డగాడిద రాసినాడు?"

అందరూ స్పందన వంక చూశారు.

"ఓలమ్మో! మా గుంటే!" అప్పయమ్మ పాయసం గిన్నె వేరేవాళ్ళ చేతిలో పెట్టి మనవరాలి రెక్క పుచ్చుకుంది. "ఏటే, తమ్ముడికి బువ్వెట్టకుండా సేద్దామనేటి నీ ఏషాలు? కుళ్ళేటే నీకు?"

"నహీ నానమ్మా! పొడి పడింది. ఇడ్లీలో పడింది. ఆ రోజు నువ్వు తిట్టావు కదా!"

"అప్పుడు ఇడ్లీ పారేసింది సాల్లేదా? ఇప్పుడు ఊరందరి బువ్వా పారేయిస్తావేటి?"

స్పందన కళ్ళలో నీళ్ళు నిండాయి. కోమల మధ్యలోకి వెళ్ళి పిల్లని తన పక్కకు లాక్కుంది. సరిగ్గా ఆ సమయానికి కమిటీ వచ్చింది.

హాలు లేదు కాబట్టి మీటింగు సైకిల్ స్టాండులో పెట్టారు. వేణుగోపాల్ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. చదువుతూ చదువుతూ తన పేరు దగ్గర ఆగిపోయాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అంటే నేను మాట్లాడితే భవనం కూలుతుందన్నమాట."

"మైకులో మాట్లాడితే," అన్నాడు సూర్యం. ఆయన పూర్తిగా చదివాడు మరి.

"చూడండి మేడమ్." వేణుగోపాల్ కాగితం మడిచాడు. "మీ క్లాసు గురించి తేల్చే రోజున, తేల్చవలసిన హాలు మీద, తేల్చవలసిన కార్యదర్శి పేరు పెట్టి, ఎనిమిదేళ్ళ పిల్ల చేత ఇది రాయించారు. మీటింగు ఆపడానికేగా?"

"నేను రాయించలేదండీ. అదే రాసింది."

"అంత సొంతంగానా? ఈ వయసులో? ఎవరు నమ్ముతారు?"

కోమలకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పిల్లలు సొంతంగా రాయరని వీళ్ళే అంటారు. రాస్తే సొంతంగా రాయలేదంటారు. చుట్టూ చూసింది. చుట్టాలు ఎండలో నిలబడి ఉన్నారు. గుండిగల్లో అన్నం మెత్తబడిపోతోంది. పసివాడు ఆకలికి గుక్కపట్టాడు. అందరి మొహాల్లోనూ ఒకటే మాట ఉంది, ఈ గొడవకు కారణం ఈవిడేనని.

వేణుగోపాల్ గొంతు తగ్గించాడు. ఆయన చెడ్డవాడు కాదు. గొడవలు తొందరగా ముగియాలనుకునే రకం. "సరే, ముందు ఈ అన్నప్రాసన జరగనిద్దాం. పాప ఆ కాగితం మీద 'ఇది అబద్ధం' అని ఒక్క వాక్యం రాస్తే చాలు. ఆదినారాయణ గారు జెండా తీస్తారు. మీ క్లాసు జోలికి నేను రాను. మాటిస్తున్నాను."

"రాసీయే, రాసీయే!" అంది అప్పయమ్మ. "రెండు ముక్కలు. రాసీసి, బువ్వకొచ్చీ."

ఒక్క వాక్యం. క్లాసు నిలుస్తుంది, పసివాడు పాయసం తింటాడు, కోమల ఇంటికెళ్ళి పడుకుంటుంది. ఆమె ఒళ్ళంతా సరే అనమంది. ఇన్నాళ్ళ అలసట ఆ ఒక్క వాక్యం మీద తల పెట్టి పడుకోవాలని చూసింది.

స్పందన పెన్సిలు పట్టుకుని పైకి చూసింది. "టీచర్, ఝూఠ్ అని రాసెయ్యనా?"

"అబద్ధమా మరి?"

"కాదు. పడింది కదా."

కోమల, ఇక క్లాసు పోయిందనుకుంది. "అయితే రాయకు," అంది.

సైకిల్ స్టాండులో ఒక్కసారిగా గోల లేచింది. ఆ గోలలోనే స్పందన వేణుగోపాల్ వైపు తిరిగి, క్లాసులో అడిగినట్టే అడిగింది. "అంకుల్, అబద్ధం అంటున్నారు కదా. ఎందుకు? ఎలా తెలుసు?"

వేణుగోపాల్ నోరు తెరిచాడు. చుట్టూ చూశాడు. "ఎందుకంటే... నేను చెబుతున్నాను కాబట్టి."

"అది మా క్లాసులో చెల్లదండీ," అంది కోమల. కావాలని అనలేదు. అలవాటు కొద్దీ వచ్చేసింది.

అంతలో ఆదినారాయణ ఫోను చేసి పిలిచిన రాజేంద్ర వచ్చాడు. రైల్వేలో భవనాలు చూసే ఇంజనీరు, సొంతూరు దగ్గర్లోని బెల్తరా, పక్క వరస క్వార్టర్లోనే ఉంటాడు. తెలుగువాళ్ళ మధ్యే పెరిగాడు గనక తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే సగం హిందీ. లుంగీ మీద, ఆదివారం నిద్ర చెడిన కోపంతో వచ్చాడు.

"ఎవరు చూశారు? క్యా దేఖా?" అని సంతకాలు పెట్టినవాళ్ళని వరసగా అడిగాడు.

"గార్డు గారు పెట్టారని నేను పెట్టాను," అన్నాడు టికెట్ కలెక్టరు.

"సూర్యం గారు పెట్టినారని నాను పెట్టినాను," అన్నాడు గార్డు.

"నాను చదివినానని పెట్టినాను," అన్నాడు సూర్యం. "నిజమని పెట్టలేదు."

"అచ్ఛా!" రాజేంద్ర తల పట్టుకున్నాడు. "తో అసలు చూసింది ఎవరు?"

స్పందన ముక్కు తుడుచుకుని చెయ్యెత్తింది. ఆయన ఆ పిల్లని ఎగాదిగా చూశాడు. "చలో, దిఖావ్," అన్నాడు.

స్పందన జెండా కిందనుంచి వంగి లోపలికి తీసుకెళ్ళింది. తన మూల చూపించింది. నేల మీద వేలితో రాసి, వేలికంటిన పొడి చూపించింది. మిగతావాళ్ళంతా కిటికీల దగ్గర మూగారు.

"టీచర్, మీరు అరవండి," అంది. కోమల అరిచింది. ఆమెలో అరుపులు చాలానే మిగిలి ఉన్నాయి. పొడి పడలేదు. "ఇప్పుడు అంకుల్ మైకులో."

వేణుగోపాల్‌ని పిలిచి మైకు చేతికిచ్చారు. అంత గొడవలోనూ ఆయన మొహం కొంచెం వెలిగింది. "ఏం మాట్లాడమంటారు?"

"జో రోజ్ బోల్తే హో. రోజూ చెప్పేదే," అన్నాడు రాజేంద్ర.

"సభకు నమస్కారం. తేనెలొలుకు మన తెలుగు భాష..."

మూల మీద, పైన తగిలించిన స్పీకరు డబ్బా బుయ్యిమంది. తెల్లటి పొడి జల్లుమని రాజేంద్ర నెత్తి మీద పడింది. ఆయన చాలని చెయ్యి ఊపాడు. వేణుగోపాల్ అభివాదం అనుకుని ఇంకో రెండు వాక్యాలు మాట్లాడాడు. చివరికి సూర్యం వెళ్ళి మైకు లాక్కోవలసి వచ్చింది.

వంటవాళ్ళ నిచ్చెన తెచ్చారు. రాజేంద్ర ఎక్కి, గోడలు తట్టాడు, దూలం తట్టాడు, డబ్బా బిగించిన చెక్క పట్టుకుని లాగాడు. చెక్క సగం అటుకుల్లా ఆయన చేతిలోకి వచ్చేసింది. చెదలు. డబ్బా ఒక పక్కకు వాలి, ఒకే ఒక్క మేకు మీద వేలాడింది.

"హాల్ తో బనేచ్ హే," అన్నాడు పైనుంచి. "హాలు పడదు. మన పిల్లల పిల్లలు కూడా ఇందులో అన్నం తినొచ్చు. యే డబ్బా పడుతుంది. ఇవాళ కాకపోతే వచ్చే ఆదివారం."

అందరి కళ్ళూ ఆ డబ్బా నుంచి కిందికి దిగాయి. దాని సరిగ్గా కింద స్పందన చాప, పుస్తకాల సంచీ, నీళ్ళ సీసా ఉన్నాయి.

అప్పయమ్మ లోపలికొచ్చింది. మనవరాలిని ఇందాక పట్టుకున్న రెక్కే మళ్ళీ పట్టుకుని, గట్టిగా ఒళ్ళోకి లాక్కుంది. "ఓలమ్మ నా తల్లీ," అని మాత్రం అంది. కొత్త చీరంతా పొడైంది.

రాజేంద్ర అక్కడే ఒక కాగితం అడిగి ఆర్డరు రాసేశాడు. డబ్బా వెంటనే దింపాలి. హాలు వాడుకోవచ్చు. పైకప్పు దగ్గర మరమ్మతు చేసి కొత్త బిగింపు వేసేదాకా హాల్లో మైకు వాడరాదు. మరమ్మతు ఎప్పుడవుతుందని వేణుగోపాల్ అడిగాడు. ఆఫీసులో అర్జీ పెట్టాలన్నాడు రాజేంద్ర. ఆఫీసు నుంచి మంజూరు ఎప్పుడొస్తుందో చెప్పగలవాడు ఆ కాలనీలో ఇంకా పుట్టలేదు.

"మైకు లేకుండా వార్షికోత్సవమా?" వేణుగోపాల్ గొంతు చాలా చిన్నదిగా వినిపించింది. మైకు లేకుండా ఆయన గొంతు అంతేనని చాలామందికి ఆ రోజే తెలిసింది. "పిల్లలు అప్పజెప్పేది రెండో వరస దాకా కూడా వినపడదు. ముఖ్య అతిథి ఏం మాట్లాడతారు, ఎలా మాట్లాడతారు?"

"మామూలుగా మాట్లాడొచ్చు," అన్నాడు సూర్యం.

అది వేణుగోపాల్‌కి కుదరదనిపించింది. వార్షికోత్సవం వాయిదా పడింది. వార్షికోత్సవం లేకపోతే అప్పజెప్పడాలు లేవు, అప్పజెప్పడాలు లేకపోతే రిహార్సల్స్ లేవు. కోమల గంట కోమలకే మిగిలింది. దాన్ని ఎవరూ ఇచ్చినట్టు లేదు. తీసుకునేవాళ్ళు లేక పడి ఉన్నట్టుంది.

జెండా విప్పారు. హాల్లో ఆకులు వేశారు. ముహూర్తం దాటిపోయినా పసివాడు పట్టించుకోలేదు, పాయసం చెంచాతో పాటు నానమ్మ వేలూ కొరికాడు. సర్కండా చుట్టాలు వెండిగిన్నె బదులు గ్లూకోజు పొట్లాలే చదివించారు.

కోమల ఆకు ముందు కూర్చుని స్పందనని పక్కకు పిలిచి, ఆ కాగితం ముందు పెట్టింది. "నీ మొదటి వాక్యం ఒకసారి చూడు తల్లీ. హాలు పడిపోతుంది అన్నావు. హాలు పడటం నువ్వు చూశావా?"

స్పందన ఆలోచించింది. తల గోక్కుంది. పైకి చూసింది. పక్కనుంచి అప్పయమ్మ అందివ్వబోతే కోమల చేత్తో ఆపింది.

"లేదు," అంది స్పందన. "పొడి చూశాను. పొడి వరకే నాకు తెలుసు." వెంటనే పెన్సిలు తీసి, 'మన హాలు పడిపోతుంది' కొట్టేసి, 'డబ్బా పడిపోతుంది' అని రాసింది. 'ఎందుకంటే అది ముసలిది' కూడా కొట్టేసి, 'ఎందుకంటే చెక్కని చెదలు తినేశాయి' అని రాసింది. చివరి వాక్యంలో హాలునీ డబ్బాగా మార్చింది. ఎవరూ అరవలేదు, ఎవరూ మాట తప్పించలేదు. సాక్ష్యం దొరికింది, మాట మారింది. కోమల రెండేళ్ళుగా చెప్పాలనుకున్న పాఠం అదే.

వేణుగోపాల్ వాళ్ళ ముందుకొచ్చి నిలబడ్డాడు. "మేడమ్, క్లాసు కొనసాగించండి. ఇంకేమైనా కావాలంటే చెప్పండి."

"కావాలి," అంది కోమల. చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడింది. పొద్దున్న పాలగిన్నె ముందు ఉన్న కోపం ఇప్పుడు లేదు. దాని అడుగున మిగిలిన ఓపిక లేనితనం మాత్రం ఉంది. పులిహోర తింటున్న వాళ్ళందరికీ వినపడేలా చెప్పింది.

"ఇవాళ్టినుంచే చెయ్యాలి, వార్షికోత్సవం దాకా ఆగొద్దు. మీ ఇంట్లో పిల్ల ఒక మాట అంటే కొట్టిపారెయ్యకండి. తలూపి ఊరుకోనూ వద్దు. ఎందుకు అని అడగండి. అడిగాక నోరు మూసుకోండి. ఎంతసేపైనా సరే, జవాబు మీరు అందించకండి. ఎలా తెలుసని అడగండి. తప్పు చెబితే, అది తప్పని మీకెలా తెలుసో మీరూ చెప్పండి. వచ్చే ఆదివారం ప్రతి పిల్ల పక్కనా ఇంట్లోవాళ్ళు ఒకరు కూర్చోవాలి. పెన్సిలు మీరే తెచ్చుకోండి. కమిటీ వాళ్ళు కూడా. ఒప్పుకుంటారా, లేదా?"

అందరూ ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.